సఖ్యం పెట్టెలోంచి ఒక మొర

అక్టోబరు 12

ఈ గాలి గది నమోదుల్ని ఎవరూ చదవరు. గాలి ఎటు వీచిందో, ఎంత వీచిందో రోజూ రాసి నగరానికి పంపమంటారు. పంపితే అందినట్టు ఒక గంట మోగుతుంది, అంతే. మనిషి నిజం రాసుకోవడానికి ఈ సముద్రపు గట్టు మీద ఇంతకన్నా మంచి చోటు లేదు.

గాలి తూర్పు, మందం. పొద్దున్న అద్దాల మీద ఉప్పు గీకాను. ఉప్పునీళ్లు కాచే గిన్నెకి అడుగున మళ్లీ పెచ్చు కట్టింది, దాన్నీ గీకాను. ఈ ఉద్యోగంలో సగం గీకడమే. కిటికీ కింద సముద్రం. ఒకప్పుడు అక్కడ కొబ్బరి తోటలూ వరిచేలూ ఉండేవట. ఇప్పుడు దూరంగా తేలుడు ఊరు కనిపిస్తుంది. డ్రమ్ముల మీద చెక్కలు పరిచి, తెప్పకు తెప్ప కట్టి, వాటి మీద ఇళ్లు, నాచు మళ్లు, కోళ్లు, మధ్యలో గంగమ్మ గుడి. భూమంతా మింగిన సముద్రానికే గుడి కట్టారు. ఇంతకంటే సిగ్గులేని జాతిని నేను చూడలేదు.

సాయంత్రం సఖ్యం. మతాల గొడవల ఏడాది తరవాత సఖ్య మండలి వారు కనిపెట్టిన మందు ఇది. దేవుణ్ని నమ్మేవాడికి నమ్మనివాణ్ని జత చేసి, రోజు విడిచి రోజు పెట్టె ముందు కూర్చుని స్నేహంగా మాట్లాడుకోమన్నారు. విశ్వాసం, సత్యం, ఇంటి సంగతులు, ఏదైనా సరే. మానేస్తే మంచినీళ్ల వాటా తగ్గిస్తారు. కాబట్టి నేను దాహం కొద్దీ స్నేహంగా ఉంటాను.

నా జత లోవరాజు. తేలుడు ఊళ్లో నాచు పండిస్తాడు, ఆ గుడికి పూజ కూడా చేస్తాడు. మూడేళ్లుగా మాట్లాడుతున్నాను, మొహం చూడలేదు. గొంతు కూడా వినలేదనే చెప్పాలి. దూరం వల్ల గొంతులు సరిగా అందవని, ఎవరి మాటనైనా పెట్టె తన గొంతుతోనే వినిపిస్తుంది. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్ల గొంతులా ఉంటుంది అది.

ఇవాళ తన పడవకి చిల్లు పడిందన్నాడు.

"నీ గంగమ్మకి కళ్లుంటే చిల్లు పడేదా, వెర్రివాడా? గుడి కట్టే చెక్కలతో పడవ బాగు చేసుకోవచ్చు కదా," అన్నాను.

"మీ మంచి మాటకు ధన్యవాదాలు. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అంది పెట్టె.

ఇదీ వరస. ఎంత తిట్టినా చెక్కుచెదరడు. మనిషికి ఇంత సహనం ఉండదు. బుర్ర లేకపోతేనే ఉంటుంది.

చివర్లో ప్రార్థన చేసుకుంటానన్నాడు. అది వాళ్ల హక్కు, వినడం నా ఖర్మ. ప్రార్థన ఒక్కటి మాత్రం పెట్టె గొంతులో రాదు, చేసినవాడి సొంత గొంతులోనే వస్తుంది. "అమ్మా గంగమ్మా, నీకు సిగ్గుందా లేదా? నాలుగు రోజుల్నించి వల కాళీగా పంపేత్తన్నావు. నీ మొకానికి కోడి కూడానా?" అని అరిచాడు. నాతో పంతులుగారిలా మాట్లాడే మనిషి, దేవతతో చేపల బజారులో మాట్లాడినట్టు మాట్లాడతాడు. భక్తిలో కూడా వీళ్లకి ఒక పద్ధతి లేదు.

అక్టోబరు 24

గాలి ఈశాన్యం. గిన్నె గీకాను.

జకరయ్య వచ్చి సఖ్యం పెట్టె వైర్లు తుడిచి వెళ్లాడు. గట్టు పొడుగునా ఉన్న పెట్టెలన్నీ అతనే బాగు చేస్తాడు. చర్చి మనిషి. అతని జత నగరంలో ఒక లెక్కల మేష్టారట, పరమ నాస్తికుడు. "మూడేళ్లలో మెత్తబడ్డాడండీ మేడంగారూ. నేను వాక్యం చెబితే ఇప్పుడు 'ఎంత చక్కగా చెప్పారు' అంటన్నాడు. ఇంకో ఏడాదికి బాప్తిస్మం తీసుకుంటాడండి," అన్నాడు. ఒక లెక్కల మేష్టారు ఇంత దిగజారాడంటే నమోదులో రాసుకోవలసిన సంగతే, రాశాను.

సాయంత్రం లోవరాజుతో సత్యం గురించి మాట. సత్యమంటే కొలిచి చూపగలిగేది, తక్కినదంతా పుక్కిటి పురాణం అన్నాను. ఊళ్లో ఉన్నవాళ్లంతా గొర్రెలన్నాను. "మీ ఆలోచనలు మా ఊరివారికి కూడా చెబుతాను, చాలా సంతోషిస్తారు," అన్నాడు.

నవంబరు 2

పొద్దున్నించీ పీడనం పడిపోతోంది. అల్పపీడనం నిన్నటికే వాయుగుండమైంది, ఇవాళ దాని నడక చూస్తే ఎల్లుండి సాయంత్రానికి సరిగ్గా ఇక్కడికే వచ్చేలా ఉంది. గట్టుకి భయం లేదు. తేలుడు ఊరు మాత్రం పిడత పగిలినట్టు పగులుతుంది. తెప్పలు విప్పుకుని గట్టు లోపలి కాలవలోకి వచ్చేస్తే బతుకుతారు. వాళ్లకి ఒక పూట ప్రయాణం.

నగరానికి ఎర్ర హెచ్చరిక పంపాను. గంట మోగింది. మధ్యాహ్నం మండలి వారి ప్రకటన వచ్చింది: "ఈ వారం తీరంలో గాలి కాస్త ఉల్లాసంగా ఉండవచ్చు." ఉల్లాసంగా! జనాన్ని భయపెట్టడం సఖ్యానికి విరుద్ధమని నిరుడే గట్టు మీది ఎర్ర జెండా తీయించిన మహానుభావులు వీళ్లే. వీళ్ల ఇళ్లు కొండ మీద ఉంటాయి.

ఇవాళ సఖ్యం రోజు కాదు. అయినా పెట్టె తెరిచి లోవరాజుని పిలిచాను.

"తుఫాను వస్తోంది. తెప్పలు విప్పుకుని రేపే గట్టు కాలవలోకి వచ్చేయండి. రాకపోతే చస్తారు."

"మీ ఆహ్వానానికి ఎంతో సంతోషం. వీలు చూసుకుని తప్పకుండా వస్తాం."

"ఆహ్వానం కాదురా మూర్ఖుడా! చస్తారంటున్నాను!"

"మీ అభిమానం మరువలేనిది."

పెట్టె మూసేశాను. వాడికి మతి లేదని మూడేళ్లుగా అంటూనే ఉన్నాను. ఇంతగా లేదని అనుకోలేదు.

నవంబరు 3

గాలి ఈశాన్యం, జోరు. పీడనం ఇంకా పడుతోంది.

పొద్దున్న మళ్లీ పిలిచాను. అలల ఎత్తు చెప్పాను, గాలి వేగం చెప్పాను. "వాతావరణం మీద మీకున్న ఆసక్తి ముచ్చటగా ఉంది," అన్నాడు. అప్పుడు నాకేదో తేడా కొట్టింది. వెధవైనా అలల సంగతి వింటే బెదురుతాడు. సముద్రం మీద పుట్టినవాడు కదా.

జకరయ్యని పిలిపించి పెట్టె విప్పమన్నాను. లోపల తీగలకి తన పరీక్ష తెర తగిలించాడు. "మాట్లాడండి," అన్నాడు. మాట్లాడాను. తెర మీద పైవరసలో నా మాట: తుఫాను వస్తోంది, చస్తారు. కిందివరసలో, అవతలికి పోతున్న మాట: గాలి చల్లగా ఉంది, ఒకసారి మా ఇంటికి రండి.

జకరయ్య చేతిలోంచి తెర లాక్కున్నాను.

పాతవి కూడా అందులోనే ఉన్నాయి. తిరగేశాను. "గంగమ్మకి కళ్లుంటే చిల్లు పడేదా, వెర్రివాడా" అన్నది "గంగమ్మ చల్లని చూపు మీ పడవ మీద ఉండుగాక, మిత్రమా" అయింది. "ఊరంతా గొర్రెలు" అన్నది "మీ ఊరివారి సాధుగుణం నాకిష్టం" అయింది. మూడేళ్ల నా కోపం ఒక్క చుక్క కూడా అవతలి ఒడ్డు చేరలేదు. మండలి వారు నా నోట్లో వాళ్ల నాలుక పెట్టి, నా చేత మూడేళ్లు ముద్దుగా మాట్లాడించారు. సత్యం గురించి నేను చేసిన ఉపన్యాసాలు మాత్రం చిన్న మార్పుతో వెళ్లాయి: ప్రతిదాని చివరా "అయినా మీరే నాకన్నా పెద్దలు" అని చేర్చారు.

జకరయ్య మొహం చూడాలి. "అయితే మా మేష్టారు..." అన్నాడు.

"బాప్తిస్మం తీసుకోడు," అన్నాను.

కుర్చీలో కూలబడ్డాడు. నాకు జాలిపడే తీరిక లేదు. "పడవ మీద వెళ్లి చెప్పగలవా?" అని అడిగాను. కిటికీలోంచి అలల్ని చూపించాడు. గట్టు లాంచీ వాటిని ఎక్కదు, ఎదురుగాలి. వాళ్లు ఇటు రావాలంటే గాలివాలు, తోసుకొస్తుంది. మనం అటు పోలేం.

అప్పుడు లోవరాజు ప్రార్థనలు గుర్తొచ్చాయి. వాటికి పెట్టె గొంతు లేదు, పెట్టె మర్యాద లేదు. ప్రార్థనని మార్చడం నేరమని, ఎప్పుడో అన్ని మతాలవాళ్లూ ఒక్కటై చట్టం చేయించుకున్నారు. వాళ్లు కలిసి చేసిన పని అదొక్కటే.

"జకరయ్యా, తెర చూస్తూ ఉండు," అని పెట్టె ముందు కూర్చున్నాను. "అమ్మా గంగమ్మా, తుఫాను వస్తోంది. లోవరాజుని ఖాళీ చేయమని చెప్పు."

"లాభం లేదండీ. కింద 'గంగమ్మ చల్లగాలి మీ ఊరి మీద వీచుగాక' అని పడింది."

"ఎందుకు?"

"ఇది ఆర్డరండీ. ప్రార్థన కాదు. మీరు ఆ తల్లితో గుమస్తాతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. పెట్టెక్కూడా తెలిసిపోతంది."

చిన్నప్పుడు మా అమ్మ బలవంతాన నేర్పిన శ్లోకం ఒకటి చదివాను. అది మారకుండా దాటింది. దాని తోకకి తుఫాను తగిలిస్తే, తోక తెగింది. నాకు ఒళ్లు మండిపోయింది. లేని దేవత ముందు సాగిలపడాలి, అదీ ఒక యంత్రం మెచ్చుకునేలా సాగిలపడాలి.

"అడగాలండీ," అన్నాడు జకరయ్య. "చెప్పడం కాదు, అడగాలి. అడిగేది మీకు నిజంగా కావాలి."

కిటికీలోంచి చూశాను. తేలుడు ఊరి మీద పొయ్యిల పొగ గాలికి అడ్డంగా పడిపోతోంది. పొద్దున్న వంటలు. ఆ అలల మీద కూడా ఎవరో కూర్చుని పప్పు కలుపుకుంటున్నారు, గాలి ఉల్లాసంగా ఉందనుకుని.

ఏమన్నానో తెర మీద ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అమ్మా గంగమ్మా, తల్లీ. నీ నీళ్లు రేపు సాయంత్రానికి తాటిచెట్టంత లేస్తాయి. నేను కొలిచాను. నా మాట ఎవరూ వినడంలేదు, వినిపించనివ్వడంలేదు. అక్కడ లోవరాజని ఒక మూర్ఖుడున్నాడు. వాణ్ని, వాడి ఊళ్లో పిల్లల్ని, ఇవాళే తెప్పలు విప్పించి గట్టు కాలవలోకి తోలుకురా. నేను వాణ్ని మూడేళ్లు తిట్టాను, ఒక్క తిట్టూ అందలేదు. ఈ ఒక్కటీ అందనీ. నీ కాళ్లు పట్టుకుంటాను."

జకరయ్య తెర వైపే చూస్తున్నాడు. "దాటిందండీ," అన్నాడు. "మూర్ఖుడితో సహా."

అవతల నుంచి ఏమీ రాలేదు. నీళ్ల గిన్నె మాడిన వాసన వస్తున్నా లేవలేదు. చాలాసేపటికి గొంతు వచ్చింది, పెట్టెది కాదు, అతనిది.

"అమ్మా గంగమ్మా. ఇదెవత్తే? మూడేళ్లుగా తేనె కారే మాటలాడే ఆవిడ ఇయ్యాల నన్ను మూర్కుడంటంది. ఆవిడకి నువ్వంటే నమ్మకం లేదని నాకు ఎరికే. నమ్మకం లేని మనిసి నీ కాళ్లట్టుకుందంటే ఏదో ముంచుకొచ్చినట్టే ఉంది. అడిగి సెప్పమ్మా. ఎంత నిజం?"

ఇక్కడ నేను అబద్ధం ఆడొచ్చు. నూటికి నూరు అనొచ్చు. నోటిదాకా వచ్చింది.

"అమ్మా గంగమ్మా, పదింట ఏడు పాళ్లు," అన్నాను. "మిగిలిన మూడు పాళ్లు నాకు తెలియదు. తుఫాను పక్కకి తిరిగితే తిరగొచ్చు."

తరవాత నవ్వులాంటిది వినిపించింది.

"ఏడు పాళ్లు సాలు గంగమ్మ తల్లీ. నీ మీదే నాకు ఎప్పుడూ అంత నమ్మకం లేదు."

నవంబరు 6

తుఫాను నిన్నగాక మొన్న సాయంత్రం వచ్చింది, నేను చెప్పిన చోటుకే. గాలి గదిలో రెండు అద్దాలు పోయాయి. కొలిచే పంకా ఎగిరిపోయింది కాబట్టి గాలి వేగం తెలియదు. చాలా ఎక్కువ.

తేలుడు ఊరు అంతకుముందే, మూడో తేదీ పొద్దుగూకేలోగా, కాలవలోకి చేరింది. తెప్ప వెనక తెప్ప, కోళ్లతో, మూటలతో, పీకి తెచ్చిన గుడి తలుపులతో. నేను మెట్ల మీద నిలబడి చూశాను. మొదటి తెప్ప నుంచి ఒక నల్లటి పొట్టి మనిషి గెంతి, తడి లుంగీ ఎగ్గట్టుకుని నేరుగా నా దగ్గరకు వచ్చాడు.

"కైవల్యంటే నువ్వేనా?" అన్నాడు. ఆ గొంతు తెలుసు. "మూర్కుడా అన్నావంట!"

"అన్నాను. మూడేళ్లుగా అంటున్నాను. పెట్టె మార్చి పంపింది."

విషయమంతా చెప్పాను. వింటూ ఉండగా అతని మొహంలో ముందు కోపం, తరవాత ఇంకేదో.

"అయితే నేనన్నయ్యీ నీకు అందలేదా?"

"నువ్వేమన్నావు?"

"ఎండుసేప మొకందానా అన్నాను. సదువుకున్న గాడిదన్నాను. నీ మోకాలు ఇరిగిపోవాలని మొక్కుకుంటానన్నాను." లుంగీ అంచు పిండుకున్నాడు. "నువ్వేమో 'మీ దీవెనలు' అనేదానివి. మా ఆవిడతో సెప్పేవోణ్ణి, ఇదేదో సిగ్గూ సెరం లేని ఆడమనిసే అని."

మూడేళ్లు ఒకర్నొకరు మందమతులనుకున్నాం. మండలి వారు దీన్నే స్నేహం అంటారు.

అతను వెనక్కి తిరిగి కాలవ నోటి వైపు చూశాడు. చివరి వరస తెప్పలు రాలేదు. అతని అన్న మసేను, అతనితో ఉన్న ఆరేడు కుటుంబాలు కదలమన్నారట.

"మా అన్న అడిగేడు. 'ఇది గంగమ్మ నీకు సెప్పిందా, గట్టు మీద ఆడమనిసి సెప్పిందా?' అని."

"నువ్వేమన్నావు?"

"ఆడమనిసే సెప్పిందన్నాను. గంగమ్మ సెప్పిందని ఒక్క మాటంటే ఒచ్చేవోడు. అందరూ ఒచ్చేవోళ్లు."

"అనాల్సింది కదా!" అని అరిచాను. "ఒక్క అబద్ధం! నీ నోరు పడిపోయేదా?"

"గుడి ముందు నిలబడి అడిగేడమ్మా," అన్నాడు. "అక్కడ ఎలాగాడతాను?"

దీనికి నా దగ్గర తిట్టు లేదు. ఆ లేని దేవత పేరు వాడుకోవడానికి నేను ఒక్క క్షణం వెనకాడలేదు. ఉందని నమ్మేవాడు వాడుకోలేకపోయాడు.

ఇవాళ అల తగ్గాక లాంచీ వెళ్లి చూసి వచ్చింది. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.

నవంబరు 10

గాలి పడమర. కొత్త పంకా రాలేదు కాబట్టి ఇది వేలు తడిపి చూసి రాస్తున్నాను.

నగరం నుంచి సఖ్య మండలి ప్రతినిధి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కాలవ వాసనకి ముక్కుకి రుమాలు. సఖ్యం వల్లే ఒక ఊరు దక్కిందని, నమ్మకానికీ సత్యానికీ మధ్య మండలి వేసిన వంతెన ఫలించిందని మాట్లాడాడు. నాకూ లోవరాజుకీ చెరొక శాలువా కప్పాడు. తరవాత నన్ను పక్కకు పిలిచి, ప్రార్థనని సొంత పనికి వాడడం తప్పని, ఇకమీదట ప్రార్థనలు కూడా పెట్టె చూశాకే పంపేలా చట్టం మారుస్తున్నామని, ఈసారికి మందలింపుతో సరిపెడుతున్నామని చెప్పాడు.

"మీరు పంపిన ప్రకటనలో గాలి ఉల్లాసంగా ఉందన్నారు," అన్నాను.

"భయం వ్యాపించకూడదండీ."

"వ్యాపించలేదు. చివరి వరసలో వాళ్లంతా ధైర్యంగా పోయారు."

ఆయన రుమాలు సర్దుకున్నాడు. శాలువాతో అద్దాల మీద ఉప్పు తుడిచాను. మంచి గుడ్డే, ఉప్పు బాగా పట్టింది.

మధ్యాహ్నం లోవరాజు వచ్చి, కిందకి రమ్మన్నాడు. కాలవ మెట్ల దగ్గర వాళ్ల ఊరంతా నిలబడి ఉంది. చివరి వరస వాళ్ల కోసం నీళ్లకి అన్నం వదులుతున్నారు. అన్నం ముద్దలు ఆకులో ఉన్నాయి. ఎవరూ నోరు విప్పడంలేదు. పూజారి అతనే, అతను మాట్లాడడంలేదు.

"నువ్వను," అన్నాడు నాతో.

"నేనా? నాకు నమ్మకం లేదు."

"నాకూ ఇయ్యాల లేదు. ఎవరో ఒకరు అనాలి కదా."

ఇంత వెర్రి మాట నా జన్మలో వినలేదని చెబుదామనుకున్నాను. వాళ్లంతా నా వైపే చూస్తున్నారు. జకరయ్య కూడా వచ్చి వెనకాల నిలబడ్డాడు, తల మీద టోపీ తీసి.

"మీ అన్న ఎలాంటివాడు?" అని అడిగాను.

లోవరాజు ఆకు చేతిలోకి తీసుకున్నాడు. "ఎదవ. పక్కోళ్ల వలలు ఎత్తుకొచ్చేసేవోడు. అడిగితే అలలో కొట్టుకొచ్చిందనేవోడు." ఆకులో ముద్దలు సర్దాడు. "పిల్లలకి మాత్రం ఎంతమందున్నా ముల్లు తీసి సేప తినిపించేవోడు. ఆళ్లు తిన్నాకే తినేవోడు."

ఆఖరి మెట్టు దిగాను. నీళ్లు పాదాల మీదికి వచ్చాయి. చల్లగా ఉన్నాయి, మురికిగా ఉన్నాయి. ఎక్కడా ఎవరూ వింటున్న గుర్తు లేదు.

"గంగమ్మా," అన్నాను. "మసేను అని ఒకడు నీ దగ్గరికి వచ్చాడు. నీ వలలు జాగ్రత్త. అక్కడ పిల్లలున్నారు కదా, వాళ్లని వాడి పక్కనే కూర్చోబెట్టు."

లోవరాజు వంగి ఆకుని నీళ్ల మీద వదిలాడు.